నలభై మూటలు, మూడు గోడలు

ఆ బుధవారం పొద్దున రామదాస్ పెట్టుకున్న పనులు మూడే. చాయ్ తాగాలి, స్నానం చేయాలి, తొమ్మిదింటికల్లా ఇత్వారా బజారుకు వెళ్లి బట్టల దుకాణం తెరవాలి. వచ్చే సోమవారం ఇచల్‌కరంజి నుంచి లారీలో నలభై మూటల బట్ట వస్తుంది. పెళ్లిళ్ల కాలం సరుకు. దాన్ని ఎప్పటిలాగే ఇంటి మేడ మీది గదిలో పెట్టించాలి. ఇందులో అనుమానించడానికి ఏమీ లేదు. కానీ అనుమానించడానికి ఏమీ కనిపించకపోతే రామదాస్‌కు అదే పెద్ద అనుమానంగా ఉండేది.

దుకాణానికి తాళం వేసి పది అడుగులు నడిచేవాడు, వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాడు. తను లాగి చూడటం ఎవరైనా చూశారేమో, ఆ తాళం మీద తనకే నమ్మకం లేదని వాళ్లకు తెలిసిపోయిందేమో అని మళ్లీ వచ్చేవాడు. వాన పడితే పక్కింటి మీద కూడా అంతే పడుతోందా అని కిటికీలోంచి చూసేవాడు. అయినా నాందేడ్‌లో అతన్ని చెడ్డవాడన్నవాళ్లు లేరు. యాభై ఏళ్ల జీవితంలో అతను అనుమానించని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని తమ్ముడు ఆనందం.

తండ్రి పోయేనాటికి ఆనందానికి పదేళ్లు. తల్లి కూడా పోతూ పోతూ రామదాస్ చేయి పట్టుకుని, "వీన్ని వేరు పెట్టకు బిడ్డా" అంది. ఆ మాట కోసమే రామదాస్ బతికాడంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. ఇరవై ఆరేళ్లుగా అన్నదమ్ములది ఒకే దుకాణం, ఒకే పొయ్యి. గాడీపురాలో వాళ్లది పాత ఇల్లు. మధ్యలో పెద్ద హాలు, తూర్పు గదిలో రామదాస్ కుటుంబం, పడమటి గదిలో ఆనందం కుటుంబం. తూర్పు గోడ నుంచి పడమటి గోడ దాకా పదహారు అడుగుల టేకు దూలం ఒకటి. మేడ మీది గది మొత్తం ఆ దూలం మీదే కూర్చుంది.

బుధవారం పొద్దున చాయ్ గ్లాసుతో హాల్లోకి వచ్చిన రామదాస్ అక్కడే ఆగిపోయాడు. దూలానికి సరిగ్గా నడిమధ్యలో సన్నటి తీగ కట్టి ఉంది. తీగ చివర ఇత్తడి గుండు వేలాడుతోంది. గుండు కింద నేల మీద సుద్దముక్కతో గీసిన గుర్తు. దుకాణంలో ఉండాల్సిన ఇనుప మీటరు కడ్డీ గోడకు ఆనించి ఉంది. ఇంతలో పడమటి గదిలోంచి ఆనందం వచ్చాడు, అన్నను చూశాడు, చేతిలో ఉన్నదేదో గబుక్కున తువ్వాల కింద దాచాడు.

"ఇదేంది?" అన్నాడు రామదాస్.

"ఏం లేదన్నా. గట్లనే."

"గట్లనే అంటె?"

"గోడలు సక్కగున్నయా లేవా అని చూస్తున్న."

"డెబ్బయేండ్ల సంది ఉన్నయి. నీకు ఇయ్యాల వంకర కనవడ్డయా?"

ఆనందం లోపలికి వెళ్లాడు. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. దాచడం అంతకన్నా చేతకాదు. తువ్వాల కింద పుస్తకం మూల కనిపిస్తూనే ఉంది. రామదాస్‌కు అది లెక్కల పుస్తకంలా కనిపించింది. చాయ్ చల్లారిపోయింది.

రామదాస్‌కు తెలియనిది మనం తెలుసుకుంటే తప్పు లేదు. పందొమ్మిదేళ్ల కింద ఆనందం మెట్రిక్ పరీక్షలో భౌతికశాస్త్రం తప్పాడు. రామదాస్ కోపంలో ఆ మార్కుల కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, తమ్ముణ్ని దుకాణంలో గద్దె మీద కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఆనందం బడి ముందునుంచి వెళ్లేటప్పుడు రోడ్డుకు అవతలి పక్కకు చూస్తూ నడిచేవాడు. అతని భార్య వనమాల బోధన్ పిల్ల, మెట్రిక్ ఫస్టు క్లాసులో పాసైంది. ఆ సంగతి అత్తవారింట్లో పదిహేనేళ్లుగా నోరు తెరిచి చెప్పలేదు. పోయిన దసరాకు ఆనందం ఎట్టకేలకు మనసులో మాట బయటపెట్టాడు. వనమాలే బయటి నుంచి పరీక్షకు కూర్చునే ఫారం నింపి, మొగుడికి గురువైంది. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు గది తలుపు వేసి చదివించేది. వస్తువు ఎలా కదులుతుంది, ఎలా తిరుగుతుంది, దూలం మీద బరువు పెడితే ఏ గోడ ఎంత మోస్తుంది, ఇవీ పాఠాలు. పుస్తకంలోని ఇనుప దిమ్మెలు, చెక్క గోళాలు ఆనందం బుర్రకెక్కలేదు. అతనికి అర్థమయ్యేది ఒక్కటే, బట్ట మూట. అందుకని వనమాల పుస్తకంలోని దిమ్మెలన్నిటినీ మూటలు చేసింది, పుస్తకంలోని దూలాన్ని హాల్లో దూలం చేసింది.

మరి ఆమెనే అడిగితే పోయేది కదా అంటారేమో. అడగడానికి వీల్లేదు. ఆ ఇళ్లల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడదు, ఆయనతో మాట్లాడదు. రామదాస్ హాల్లోకి వస్తే వనమాల కొంగు నుదుటి దాకా లాక్కుని తలుపు చాటుకు వెళ్లిపోతుంది. పదిహేనేళ్లలో అతను మరదలి గాజుల చప్పుడు విన్నాడే తప్ప గొంతు వినలేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆమె తోడికోడలు విమలాబాయికి చెబుతుంది. విమలాబాయి రామదాస్‌కు చెబుతుంది. ముగ్గురూ అయిదడుగుల దూరంలో ఉన్నా అంతే.

"నీ యారాలు ఏమన్న అన్నదా?" అని రామదాస్ ఆ రోజు భార్యను అడిగాడు. "మద్యాన్నం తలుపు గొండ్లం వెట్టుకొని ఏం మాట్లాడ్తరు వాళ్లు?"

"మొగడు పెండ్లాలు తలుపేసుకుంటె నన్నడుగుతవేంది?"

"పదిహేనేండ్లాయె పెండ్లయి. ఇంక మాట్లాడెదేముంటది?"

"అందరు మనలెక్కనే ఉంటరా?" అని విమలాబాయి పప్పు చెరుగుతూ కూర్చుంది.

గురువారం పొద్దున పెరట్లో ఇంకో వింత. ఆనందం ఇత్తడి చెంబుకు తాడు కట్టి, గుండ్రంగా కిందినుంచి తల మీదికి, తల మీదినుంచి కిందికి తిప్పుతున్నాడు. రామదాస్ స్తంభం చాటునుంచి చూశాడు. చెంబు తలకిందులవుతున్నా ఒక్క చుక్క పడటం లేదు. అంటే ఖాళీ చెంబు. ఖాళీ చెంబు తిప్పేవాడికి మతి పోయి ఉండాలి, లేదా మతి పోయినట్టు నటిస్తుండాలి. రెంటిలో ఏదో తేల్చుకుందామని చప్పుడు చేయకుండా పక్కకు వెళ్లి "ఆనందం!" అన్నాడు. ఆనందం ఉలిక్కిపడ్డాడు. చెంబు పైన ఉండగా చేయి ఆగింది. నిండు చెంబు నీళ్లు అన్న నెత్తిన పడ్డాయి.

"ఇంతసేపు చుక్క పడలే! నేనచ్చినంక అన్ని నా మీదనే ఎట్ల పడ్డయిరా?"

"తిరిగినంతసేపు పడయన్నా. ఆగితెనే పడ్తయి," అన్నాడు ఆనందం, పాఠం అప్పచెప్పినట్టు.

తల తుడుచుకుంటూ రామదాస్ ఆ మాటను నాలుగు వైపుల నుంచీ పరీక్షించాడు. అందులో ఏదో బెదిరింపు ఉన్నట్టే తోచింది.

అదే రోజు దుకాణంలో ఎవరో ధోవతులు అడిగితే కట్ట విప్పాడు. మడతల్లోంచి ఒక కాగితం జారిపడింది. తమ్ముడి రాతే. రెండు నిలువు గోడలు, వాటి మీద అడ్డంగా దూలం, దూలం నడుమ 'నలభై మూటలు' అని రాసి ఉంది. తూర్పు గోడ కింద ఇరవై, పడమటి గోడ కింద ఇరవై. సగం సగం. హాలు నడుమ గుర్తు, మీటరు కడ్డీ, దాచిన పుస్తకం, మూసిన తలుపు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తమ్ముడు వాటా పంచుకుంటున్నాడు.

కింద ఇంకో బొమ్మ ఉంది. అందులో నలభై మూటలు నడుమనుంచి పడమటి గోడ వైపు జరిగాయి. పడమటి గోడ కింద ముప్పై, తూర్పు గోడ కింద పది. మూట పక్కకు జరిగితే ఆ పక్క గోడ మీదే ఎక్కువ భారం పడుతుందని వనమాల ఇచ్చిన లెక్క అది. పడమటి గది ఆనందానిదని మనకు తెలుసు. రామదాస్‌కు ఇంకా బాగా తెలుసు.

"ముప్పై వానికా? నాకు పదా?" అని పైకే అనేశాడు.

"ధోవతులు లేవా శేట్?" అన్నాడు గిరాకీ.

"లేవు," అన్నాడు రామదాస్, ఒళ్లో పాతిక ధోవతులు పెట్టుకుని.

మధ్యాహ్నం భోజనం మాని నేరుగా మేనత్త సుందరాబాయి ఇంటికి వెళ్లాడు. సుందరాబాయి ఏడు కుటుంబాలు విడిపోవడం కళ్లారా చూసింది. అందులో నాలుగింటికి సలహా ఆమెదే. కాగితం చేతిలోకి తీసుకుని, చదువు రాకపోయినా బొమ్మ చూసి తల ఊపింది.

"ఇది పంపకమే బిడ్డా. ముందుగాల నడుమ గుర్తు వెడ్తరు. ఎన్క కాయితం మీదికెక్కిస్తరు. ఆ ఎన్క మేడ అడుగుతరు. నీ తమ్ముడు మేడ మాట ఎత్తిండా?"

"ఇంక ఎత్తలే."

"ఎత్తుతడు. ఎత్తిండంటె మాత్రం నువ్వు ఆగకు. గోడ ముందు ఎవరు లేపితె మాట వాళ్లది."

రామదాస్ ఇంటికి వచ్చేసరికి ఆనందం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. చెప్పాలా వద్దా అని రెండు రోజులుగా నలిగిపోతున్నట్టు ముఖం. వనమాల బలవంతం మీద ధైర్యం చేశాడు.

"అన్నా, ఈసారి మూటలు మేడ మీద పెట్టద్దు."

రామదాస్‌కు మేనత్త మాట గుర్తొచ్చింది. "ఎందుకు?"

"దూలానికి బరువైతది. ఎన్నడు ఇరువై పెడ్తుంటిమి. ఇప్పుడు నలభై అస్తున్నయి."

"నలభై అస్తున్నయని నాకు తెల్వదా? ఇరువై ఎవరియో, నలభై ఎవరియో అన్ని నాకు తెల్సు," అని రామదాస్ లోపలికి వెళ్లిపోయాడు.

మంచం మీద కూర్చున్నాడు. కోపం వచ్చింది నిజమే. కోపం కింద ఉన్నది మాత్రం భయం. రేపో మాపో తమ్ముడు నోరు తెరిచి "వేరు పడదామన్నా" అంటాడు. ఆ మాట తమ్ముడి నోట వినే శక్తి తనకు లేదు. అంతకన్నా తనే గోడ కట్టిస్తే మేలు. అప్పుడు అమ్మకిచ్చిన మాట తప్పినవాడు తానవుతాడు, తమ్ముడు కాడు. ఇలా ఆలోచించేసరికి రామదాస్‌కు తన మీద తనకే జాలి కలిగి కళ్లు తడిశాయి. తుడుచుకుని మారోతి మేస్త్రీకి కబురు పంపాడు.

శుక్రవారం పొద్దున్నే మారోతి ఇటుకలతో దిగాడు. హాలు నడుమ వేలాడుతున్న గుండును, నేల మీది గుర్తును చూసి ముఖం వెలిగిపోయింది. "బరం ఝాలం శేట్, మధ్య కాఢలేలాచ్ ఆహే!" అన్నాడు. నడిమధ్య కొలిచే పని తప్పిందని అతని సంతోషం. ఆ గుండు తోటే సూటి చూసుకుంటూ, ఆ గుర్తు మీదుగానే ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. వీధి గుమ్మం దగ్గర మాత్రం మనిషి పట్టేంత సందు వదిలాడు.

మధ్యాహ్నం ఆనందం వచ్చేసరికి గోడ మోకాలి ఎత్తుకు లేచింది.

"అన్నా, ఇదేంది?"

"గోడ."

"ఎందుకు?"

"నీకు తెల్వదా?"

పరీక్ష సంగతి అన్నకు తెలిసిపోయిందని ఆనందం అనుకున్నాడు. ఆనాడు కాగితం చింపాడు, ఈనాడు ఇంట్లోంచే చింపేస్తున్నాడు. ముప్పై ఆరేళ్ల మనిషి తల దించుకుని "తెల్సు" అన్నాడు.

ఆ ఒక్క మాటతో రామదాస్‌కు మిగిలిన ఆశ కూడా పోయింది. పోనీ, ఒక్కసారి "వద్దన్నా" అని ఉంటే ఇటుకలన్నీ తనే బయటికి విసిరేసేవాడు. అనలేదు. ఇద్దరూ చెరో గదిలోకి వెళ్లారు. మారోతి ఇంకో వరుస పేర్చాడు.

సాయంత్రం విమలాబాయి ఒక కబురు తెచ్చింది. "వనమాల చెప్పుమన్నది. గోడ కడ్తె కట్టుకోండ్రి గని, మూటలు మేడ మీద పెట్టుడె అయితె నడుమ పెట్టద్దట. గోడల పక్కకు జరిపి పెట్టాల్నట."

"ఏ గోడ పక్కకు?"

"అది చెప్పలే."

చెప్పనవసరం లేదు. కాగితం రామదాస్ జేబులోనే ఉంది. పడమటి గోడ పక్కకు, ముప్పై. "నడుమనే పెట్టిస్త. కొలిసి పెట్టిస్త. తేలెదాక అవి ఎవలయి గావు," అన్నాడు.

శని, ఆదివారాలు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. సుందరాబాయి వచ్చి దగ్గరుండి రెండో పొయ్యి పెట్టించింది. పిల్లలు మాత్రం సందులోంచి దూరి గోడ చుట్టూ ఉరుకుతూ, ఎప్పుడూ లేనంత సంతోషంగా ఆడుకున్నారు. రామదాస్ తన వైపు కూర్చుని తమ్ముడి దగ్గు వింటున్నాడు. దగ్గుకు మిరియాల కషాయం ఇవ్వాలని వాళ్లకు తెలుసో లేదో. తనే చెబుదామని లేచాడు, గోడ కనిపించింది, కూర్చున్నాడు.

ఆదివారం సాయంత్రానికి గోడ దూలం దాకా వెళ్లింది. గోడకూ దూలానికీ నడుమ రెండు వేళ్ల సందు మిగిలింది. మర్నాడు దాన్ని మూసేద్దామని మారోతి అందులో వదులుగా ఒక చెక్కముక్క దోపి వెళ్లాడు.

సోమవారం పొద్దున లారీ వచ్చింది. హమాలీలు నలభై మూటలూ మేడ మీదికి మోశారు. రామదాస్ మీటరు కడ్డీ పట్టుకుని, ఇటొక జానెడు అటొక జానెడు తేడా రాకుండా, అన్నీ గది నడిమధ్య దొంతర పెట్టించాడు. ఇంత న్యాయంగా తన జీవితంలో ఏ పనీ చేయలేదని అతనికి అనిపించింది. ఆఖరి మూట పడినప్పుడు ఇల్లంతా ఒకసారి మూలిగింది. పాత ఇల్లు, దానికీ బాధ ఉంటుంది అనుకున్నాడు.

మధ్యాహ్నానికి పంచాయతీ మొదలైంది. బోధన్ నుంచి వనమాల అన్న రామకిషన్ పొద్దుటి బస్సుకే దిగాడు. నాయ్‌గావ్ నుంచి రామదాస్ బావమరదులు ఇద్దరు వచ్చారు. పిలిచిందెవరో ఎవరికీ తెలియదు. సుందరాబాయి మాత్రం తనకేమీ తెలియనట్టు తమలపాకులు తుడుస్తోంది. కొందరు గోడకు ఇటు, కొందరు అటు కూర్చోవడంతో ఒకరి ముఖం ఒకరికి కనిపించక, మాట్లాడాల్సినప్పుడల్లా సందు దగ్గరికి లేచి వచ్చి మాట్లాడి వెళ్లి కూర్చుంటున్నారు. మారోతి నిచ్చెన మీద నిలబడి చెక్కముక్కను లాగుతున్నాడు.

"హే నిఘత్ నాహీ, శేట్!" అన్నాడు చెమట తుడుచుకుంటూ. రాత్రి వదులుగా దోపిన ముక్క ఇప్పుడు కదలడం లేదు.

"ఎవలో కొట్టి బిగిచ్చినరు," అని రామదాస్ సందులోంచి తమ్ముడి వైపు చూశాడు. "గోడ గుడ పూర్తి కానియ్యరు."

తర్వాత జేబులోంచి కాగితం తీసి రామకిషన్ ముందు పరిచాడు. "సూడు. నీ బావ రాసిండు. నేను ఇరువై ఇరువై అయితె మాట్లాడకపోదును. తనకు ముప్పై, నాకు పది! అరే, అడిగితె నలభై ఇయ్యనా నేను? వానికి కాకుంటె ఎవలికి? దొంగతనంగ రాసుకునుడు ఎందుకు?"

ఆనందం లేచి వచ్చి కాగితం చూశాడు. "అన్నా, ఇది పంపకం గాదు. లెక్క. పరీక్ష లెక్క."

"ఏం పరీక్ష?"

ఆనందం గదిలోకి వెళ్లి, దుకాణం కాగితంతో అట్ట వేసిన పుస్తకాన్ని, పరీక్ష హాలు టికెట్టును తెచ్చి అన్న చేతిలో పెట్టాడు. టికెట్టు మీద ఆనందం ఫోటో అంటించి ఉంది. స్కూలు పిల్లవాడిలా బిగుసుకుపోయి, అప్పుడే నెరుస్తున్న మీసంతో. గోడకు అటున్నవాళ్లు కూడా ఇటు వచ్చి చూశారు.

"మెట్రికా?" అన్నాడు రామదాస్.

"ఆ ఒక్కటి తప్పిన గద, గందుకే. మల్ల మొత్తం రాస్తున్న. వనమాల చదివిస్తుంది."

"నాకెందుకు చెప్పలే?"

"మల్ల ఫెయిలయితె నువ్వు కాయితం చింపుతవని."

పందొమ్మిదేళ్ల కింద చింపిన నాలుగు ముక్కలు తను మరిచిపోయాడు, తమ్ముడు మరిచిపోలేదు. వాటా అడుగుతాడని భయపడ్డాడే, ఈ పిచ్చివాడు అడగదలుచుకున్నది ముప్పై అయిదు మార్కులు. సిగ్గుతో, సంతోషంతో రామదాస్ ముఖం ఎర్రబడింది. హాలంతా చూశాడు, గోడ కనిపించింది. మూలనున్న గడ్డపార అందుకున్నాడు.

"ఈ దరిద్రపు గోడ నేను కట్టిచ్చిన, నేనే పడగొడ్త! జరుగుండ్రి అందరు!"

గడ్డపార పైకి లేచింది. చుట్టాలు శభాష్ అన్నారు. ఆనందం కళ్లు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడు పడమటి గది తలుపు చాటునుంచి ఎవరూ ఎప్పుడూ వినని గొంతు ఒకటి లేచింది.

"బావా! ఆగుండ్రి! గోడ ముట్టద్దు!"

గడ్డపార గాలిలోనే ఆగిపోయింది. వనమాల బయటికి వచ్చింది. కొంగు భుజం మీదే ఉంది, నుదుటి మీద లేదు. రామదాస్ ఎటు చూడాలో తెలియక గడ్డపార వైపు చూశాడు.

"నలభై మూటలు నడుమ పెట్టిచ్చిండ్రు. దూలం రెండు వేళ్లు కిందికి దిగింది. ఆ చెక్కముక్క ఎవలు కొట్టి బిగియ్యలే, దూలమె దాని మీద కూసున్నది. ఇప్పుడు మేడంత ఉన్నది మీరు కట్టిన గోడ మీదనే. ఒక్క ఇటుక తీసిండ్రంటె మేడ మన నెత్తి మీద ఉంటది."

మారోతి నిచ్చెన మీదే ఉండి దూలం కింద చేయి పెట్టి తడిమాడు. వేలు ఒక చీలికలోకి దూరింది. చేయి కొంచెం జరిపాడు, చీలిక కూడా దాంతోపాటే సాగింది. ఇంకా జరిపాడు, ఇంకా ఉంది. మారోతి ఏ భాషలోనూ ఏమీ అనకుండా నిచ్చెన మెట్లు మూడేసి చొప్పున దిగి వీధిలోకి నడిచాడు. అక్కడికి చేరాకే "బాహేర్ యా, సగళే బాహేర్!" అని కేక వేశాడు. అందరికన్నా ముందు బయటపడింది సుందరాబాయి. నాయ్‌గావ్ బావమరదులు ఒకరి చెప్పులు ఒకరు వేసుకున్నారు. రామదాస్ గడ్డపారను పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా నేల మీద పెట్టి, తమ్ముడి చేయి పట్టుకుని బయటికి వచ్చాడు. వచ్చాక కూడా ఆ చేయి వదల్లేదు.

తర్వాత వనమాల చెప్పినట్టు పని నడిచింది. ఇల్లు పంచడానికి వచ్చిన చుట్టాలే చొక్కాలు విప్పి, ఒక్కొక్కరే మేడ ఎక్కి, మూటలు దించారు. ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి తీయాలని వనమాల వీధి గుమ్మం దగ్గర నిలబడి లెక్క చెప్పింది. తూర్పు గదిలో ఇరవై, పడమటి గదిలో ఇరవై సర్దారు. కాగితం మీద రాసినట్టే అయింది. అదే సాయంత్రం విమలాబాయి రెండో పొయ్యి మీద నీళ్లు చల్లింది.

సుందరాబాయి మాత్రం వీధిలో దొరికినవాళ్లకల్లా చెప్పింది. "గోడ లేపుమని నేనె చెప్పిన. నా మాట ఇన్నడు కాబట్టి ఇల్లు నిలిచింది."

దూలం మార్చేదాకా గోడ కదలకూడదని మారోతి తేల్చాడు. ఎండాకాలంలో మారుద్దామన్నారు, తర్వాత వానలయ్యాక అన్నారు. అంత పొడుగు టేకు దొరకలేదని ఆనందం, దొరికినా అది నిజంగా టేకేనా అని రామదాస్. ఈలోగా గోడకు అందరూ అలవాటు పడ్డారు. వనమాల ఎక్కడ గీత గీస్తే అక్కడ, దూలం కిందికి రాకుండా, ఒక గుమ్మం తెరిచారు. వాళ్లు వేరు పడ్డారా అని కొత్తవాళ్లు అడిగేవారు. గోడ ఉంది కనుకే కలిసి ఉన్నారని చెబితే నమ్మేవారు కాదు. గోడ వల్ల ఇంకో సౌకర్యం కూడా కలిగింది. వనమాల గోడకు అటు నిలబడి బావగారితో నేరుగా మాట్లాడవచ్చు. ఎదుట పడినట్టూ కాదు, ఊరుకున్నట్టూ కాదు.

మార్చిలో భౌతికశాస్త్రం పరీక్ష రోజున రామదాస్ దుకాణం తెరవలేదు. మొదటి గంట నుంచి ఆఖరి గంట దాకా పరీక్ష జరిగే బడి గేటు ముందు ఎండలో గొడుగు వేసుకుని నిలబడ్డాడు. లోపల తమ్ముడికి మంచి బల్ల ఇచ్చారో లేదో, కాగితాలు ఏరే మనిషి ముఖం ఎలాంటిదో అని కాపలావాణ్ని పదిసార్లు అడిగాడు. ఆనందం బయటికి రాగానే చాయ్ తాగించి, ఇంటికి తీసుకొచ్చి, గోడ పక్కన కూర్చోబెట్టాడు.

"ఏమడిగిండ్రు?"

"దూలం రెండు గోడల మీద ఉన్నది, నడుమ నలభై కిలోల బరువు పెట్టిండ్రు, ఏ గోడ మీద ఎంత పడ్తదని అడిగిండ్రన్నా."

"నువ్వేం రాసినవ్?"

"నడుమ ఇంకొక గోడ కట్టాలె, లేకుంటె చీలుతదని రాసిన. మూడు గోడలు గీసిన."

గోడకు అటునుంచి వనమాల గొంతు వచ్చింది. "దానికి సున్న. అడిగింది రెండు గోడలె."

"ఎందుకు సున్న?" అన్నాడు రామదాస్. "ఉన్నదె రాసిండు గద!"

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆనందం అన్నిట్లో పాస్, భౌతికశాస్త్రంలో ముప్పై ఆరు. రామదాస్ వీధి వీధంతా పేడాలు పంచాడు. మార్కుల కాగితాన్ని మూడుసార్లు వెలుతురుకు పెట్టి అసలుదేనని నమ్మకం కుదిరాక అద్దం కట్టించాడు. మేకు ఎక్కడ కొట్టాలో గోడకు అటున్న మరదల్ని అడిగి, ఆమె చెప్పిన చోటే మూడో గోడకు తగిలించాడు.

దూలానికి రెండు గోడలే చాలనుకుని ఆ ప్రశ్న రాసినవాడు మాత్రం సొంత ఇల్లు లేక అద్దె ఇంట్లో ఉంటాడని రామదాస్‌కు ఇప్పటికీ అనుమానమే.